కుడివైపు సీటు

వోరు ఊరి బయట, బంగాళాదుంపలు ఖాళీ చేసిన కొట్టాంలో
మూడు శనివారాలుగా ఈ లాడా కారు లోపలంతా ఊడబీకుతున్నాం.
తివాచీ, వెనక సీటు, తలుపుల అట్టలు,
ఎవరి జేబులోంచి జారిందో పదిహేను కోపెక్కుల బిళ్ల.
నేలకి అంటుకున్న తారు మాత్రం ఉలికీ లొంగలేదు.
రాత్రంతా తలుపులు బార్లా తెరిచి మైనస్ ఇరవైలో వదిలేశాం.
పొద్దున సుత్తి తగలగానే పెచ్చులుగా లేచింది.
చలి కూడా ఒక్కోసారి కూలికొస్తుంది.

హెల్దుర్ ముప్పై ఏళ్లు డెయిరీలో గొట్టాలు అతికాడు.
"పాలు కారని అతుకు తెలుసు నాకు.
మనిషి కారిపోని అతుకు ఇదే మొదలు" అన్నాడు,
కళ్లజోడు తుడుచుకుంటూ.

మొదటి కమాను రెండు వేళ్లు ఇరుకైంది.
తిట్టుకోలేదు.
మోసుకెళ్లి మంచులో పాతాడు,
కొవ్వుముద్దా గింజలూ వేలాడదీశాడు పిట్టలకి.

రెండోది కుదిరింది.
గొట్టం గొట్టాన్ని కలిసే చోట
చేప నోరు తెరిచినట్టు కొరకాలి చివర.
టార్చి వేసి వెనకనుంచి చూస్తాడు.
వెలుతురు గీతంత కనపడినా
మళ్లీ ఆకురాయి, మళ్లీ ఆ పళ్లు జివ్వుమనే చప్పుడు.

కప్పుకీ గొట్టానికీ మధ్య అరచెయ్యి దూరదు,
పైవైపు మంట ఎలా పట్టాలి?
నేలకి చిల్లులు కోసి
పంజరాన్నే మోకాలి లోతు కిందికి దించాం.
పైన చుట్టూ అతికి, జాకీలతో మెల్లగా లేపి
ఒక్కో కాలి కిందా ఇనప పలక పెట్టాం.
ఆ పూట మాత్రం ఎవరం మాట్లాడలేదు.
రిహో పాట కూడా ఆపేశాడు, అది వాడి వల్ల కాని పని.

సీట్లు వచ్చాయి. ఒకటి కొత్తది.
రెండోది లాత్వియా అడవిలో చెట్టుని గుద్దిన కారుది.
చట్రం బాగానే ఉంది, చీటీ మీద గడువు ఇంకొక్క సీజను.
రిహో కొత్తదాన్ని ఎడమవైపు పెట్టేశాడు,
అడగలేదు,
అన్నం గిన్నె తన ముందుకి లాక్కున్నంత మామూలుగా.

వారమంతా బడి బస్సు నడిపేదాన్ని నేను.
శనాదివారాలు కుడివైపు, అతనికన్నా జానెడు కిందికి, వెనక్కి.
హెల్మెట్ పెట్టుకుని కూర్చోమన్నాడు హెల్దుర్,
తలకీ గొట్టానికీ మధ్య పిడికిలి పెట్టి కొలిచాడు.
అక్కణ్ణుంచి రోడ్డు కనపడదు.
ఒక ముక్క ఆకాశం, రిహో మోచెయ్యి, తొడ మీద పుస్తకం.
ఏ మలుపు దాటామో నాకు చెప్పేది నా నడుమే.
పాత సీటులో ఆ నడుము పక్కన రెండు వేళ్లు పడుతున్నాయి.
ఎవరో వెడల్పాటి మనిషి, నాకు తెలియని మనిషి,
ఖాళీ మిగిల్చి లేచిపోయాడు.

"నీకు కళ్లున్నాయి రిహో. నాకు ఈ సీటే కన్ను.
కొత్తది నాకియ్యి."

హెల్దుర్ ఎటూ చూడకుండా
పదమూడో నంబరు పానా తీసి బల్ల మీద పెట్టాడు.
చాలాసేపటికి రిహో దాన్ని తీసుకున్నాడు.
ఎనిమిది బోల్టులు.
పాత సీటు లేపినప్పుడు మెత్త కింద
పంటిగాట్లున్న సగం పెన్సిలు దొరికింది,
దాన్ని నూలుతాడుతో నా పుస్తకానికి కట్టుకున్నాను.
రిహో ఆ పాత సీటులో కూర్చున్నాడు, అటూ ఇటూ కదిలాడు.
అచ్చు కుట్టించుకున్నట్టు సరిపోయింది.
ఆ సంగతి ఒప్పుకోడానికి ఇంకో కప్పు కాఫీ పట్టింది.

ఇంజను ఇంకా బల్ల మీదే, నూనె గుడ్డ కప్పుకుని.
అయినా ఆరేసి పట్టీలు బిగించుకున్నాం.
"నూట యాభై, ఎడమ నాలుగు, గుట్ట మీంచి,
లోపలికి కొయ్యకు, రాయుంది..."
వాడు స్టీరింగు తిప్పుతున్నాడు, నిజంగానే చెమట పట్టింది.
తలుపులేని సందులోంచి కనపడుతున్నాయి
ఇరుకైపోయిన కమాను మీద పిట్టలు,
ఒకదాన్నొకటి తోసుకుంటూ.

హెల్దుర్ టీ పట్టుకుని వచ్చాడు.
"ఎందాకా వెళ్లొచ్చారు?"

"మూడో పేజీ దాకా" అన్నాను.